బ్రూటస్‌గా ఆమె, పోర్షియాగా అతను: ఒక బడి నాటకం కేస్ స్టడీ

31 మంది పిల్లలు. అందులో 22 మంది అమ్మాయిలు, 9 మంది అబ్బాయిలు. వయసు 11 నుంచి 14. చేతిలో ఉన్నది 9 వారాలు, వారానికి 3 రిహార్సళ్లు, ఒక్కోటి గంటంబావు. వేయాల్సింది షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్', తెలుగులో, 70 నిమిషాలకు కుదించి. రోమ్‌ని ఏలే సీజర్ రాజైపోతాడేమోనని కాసియస్, బ్రూటస్ మరికొందరితో కుట్ర పన్ని అతన్ని చంపడం, సీజర్ మిత్రుడు ఆంటొనీ జనాన్ని వాళ్ల మీదకి తిప్పడం, ఇదీ కథ.

ఈ నాటకంలో పేరున్న ఆడపాత్రలు రెండే. సీజర్ భార్య కల్పూర్నియా, బ్రూటస్ భార్య పోర్షియా. ఎప్పటిలా పంచితే ఇద్దరు అమ్మాయిలకు మాటలు దొరుకుతాయి. మిగతా 20 మంది గుంపులో నిలబడి జేజేలు కొట్టాలి. అబ్బాయిల్లో నోరు విప్పడానికే ఇష్టపడని వాళ్లు నలుగురున్నారు, వాళ్లకేమో పెద్ద పాత్రలు తగులుతాయి. ఈ లెక్క కుదరకే నేను ఆడా మగా పాత్రలు తారుమారు చేయాలనుకున్నాను. పెద్ద ఆశయాలు తర్వాత వచ్చాయి.

ఇలాంటి నాటకం వేసిన టీచర్లను అడిగితే చాలామంది "పిల్లలు చాలా బాగా చేశారు" అని ముగిస్తారు. ఎక్కడ ఏ నిర్ణయం తీసుకున్నారు, అందులో ఏది బెడిసికొట్టింది అన్నది చెప్పరు. నాకు అవసరమైంది అదే. అందుకే నాకు గుర్తున్నంత వరకు తప్పులతో సహా రాస్తున్నాను.

మొదటి ప్లాన్, అది కూలిన రోజు

మొదటి ప్లాన్‌కి పిల్లలే 'అద్దం' అని పేరు పెట్టారు. అన్నీ తిరగేయడమే. సీజర్, బ్రూటస్, కాసియస్, ఆంటొనీ అందరూ ఆడవాళ్లు. కల్పూర్నియా, పోర్షియా మగవాళ్లు. రోమ్‌ని ఆడవాళ్లు ఏలుతుంటారు, మగవాళ్లు ఇంట్లో ఉంటారు. కాగితం మీద ముచ్చటగా ఉంది. నాలుగు రాత్రులు కూర్చుని స్క్రిప్ట్ అంతా మార్చాను.

ఆ మార్చడంలోనే తెలుగు నాకో పాఠం చెప్పింది. ఇంగ్లిష్‌లో సర్వనామాలు మారిస్తే చాలావరకు పని అయిపోతుంది. మనకు క్రియ కూడా మారాలి. 'సీజర్ వచ్చాడు' కాస్తా 'సీజర్ వచ్చింది' అవుతుంది. కానీ 'నేను వచ్చాను', 'నువ్వు వచ్చావు' అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. అంటే ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే చోట దాదాపు ఏమీ మార్చక్కర్లేదు. అక్కడ లేని మనిషి గురించి మాట్లాడే చోట ప్రతి వాక్యమూ మార్చాలి. ఈ నాటకం సగం నడిచేదే అక్కడ లేని మనిషి గురించిన మాటల మీద. సీజర్ మూడో అంకం మొదట్లోనే చనిపోతాడు. అంతకుముందూ ఆ తర్వాతా అందరూ అతని గురించే మాట్లాడుతుంటారు.

మొదటి టేబుల్ రీడింగ్‌లో, అంటే అందరం కూర్చుని స్క్రిప్ట్ పైకి చదువుకునేటప్పుడు, కాసియస్ పాత్ర చదువుతున్న అమ్మాయి "సీజర్ వణికింది, మూలిగింది, నీళ్లడిగింది" అని చదివి ఆగిపోయింది. "టీచర్, లోకాన్నంతా గెలిచినావిడని 'వచ్చింది, పోయింది' అంటారా? మన హెడ్‌మిస్ట్రెస్‌నే 'వచ్చారు' అంటాం కదా" అంది.

ఆ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. మగవాడికి 'వచ్చాడు' అని ప్రత్యేకంగా ఒక రూపం ఉంది. ఆడమనిషికి 'వచ్చింది', అదే రూపం బండికీ ఆవుకీ కూడా. గౌరవం కలిపి 'వచ్చారు' అంటే ఆడా మగా తేడా మాయమైపోతుంది. ఒక ఆడమనిషి చేతికి అధికారం రాగానే తెలుగు ఆమెకి 'వచ్చారు' అనే రూపం ఇస్తుంది, లేదా ఎవరో కావాలని ఇవ్వకుండా ఆపుతారు. ఎవరు ఇస్తున్నారు, ఎవరు ఆపుతున్నారు అన్నది నాటకానికి పెద్ద సరుకు. ప్లాన్ మారినా ఈ ఒక్కటీ చివరిదాకా ఉంచుకున్నాం. నలుగురిలో అందరూ "సీజర్ వస్తున్నారు" అంటారు. కాసియస్, బ్రూటస్ ఇద్దరే ఉన్నప్పుడు కాసియస్ మొదటిసారి "వస్తాడు" అంటాడు. ఆ ఒక్క క్రియతో కుట్ర మొదలవుతుంది. బ్రూటస్ ఉలిక్కిపడి చుట్టూ చూడాలి. మూల నాటకంలో ఈ వెసులుబాటు లేదు, తెలుగు ఇచ్చింది.

అద్దం కూలింది రెండో వారంలో, పోర్షియా సీన్ దగ్గర. రెండో అంకంలో, తెల్లవారకముందు, బ్రూటస్ నిద్ర లేకుండా తిరుగుతుంటే పోర్షియా వచ్చి అడుగుతుంది: నీ మనసులో ఉన్నది నాకెందుకు చెప్పవు? చెప్పడం లేదు కాబట్టి ఇలా వాదిస్తుంది: "నేను ఆడదాన్నే, ఒప్పుకుంటాను. కానీ బ్రూటస్ ఏరి కట్టుకున్న ఆడదాన్ని. ఆడదాన్నే, ఒప్పుకుంటాను. కానీ కేటో కూతుర్ని." కేటో అంటే రోమ్‌లో నిక్కచ్చికి పేరుపడ్డ మనిషి. ఆ తర్వాత తన ఓర్పుకి రుజువుగా తొడ మీద తనే చేసుకున్న గాయం చూపిస్తుంది.

అద్దం స్క్రిప్ట్‌లో ఇది "నేను మగవాణ్ణే, ఒప్పుకుంటాను" అయింది. అబ్బాయి చదివాడు. గది అంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. "మగవాడైతే ఒప్పుకోవడానికేముంది టీచర్?" అన్నాడు.

సమాధానం నా దగ్గర లేదు. ఎందుకంటే ఆ మాట బలమంతా దాని వెనకున్న గోడలో ఉంది. ఆడవాళ్ల నోట్లో రహస్యం నిలవదు అనే గోడ అది. పోర్షియా ఆ గోడను గుద్దుతోంది. గోడ లేని లోకంలో ఆమెను నిలబెడితే గుద్దడానికి ఏమీ లేదు, చేతులు గాలిలో ఊపడమే మిగులుతుంది. మనం ఊహించిన తలకిందుల రోమ్‌లో మగవాళ్ల మీద అలాంటి గోడ ఉందని ప్రేక్షకులు నమ్మాలంటే దానికి ఇంకో నాటకం రాయాలి.

సీజర్ ఒక్కడినే మారిస్తే?

మూడు రోజులు ఇదీ ప్రయత్నించాం. మిగతా అందరూ మగ పాత్రలే, సీజర్ మాత్రం ఆడమనిషి. మొదట్లో ఒళ్లు జలదరించింది. కాసియస్ బ్రూటస్‌తో చెప్పే కథ ఉంది కదా, స్పెయిన్‌లో సీజర్‌కి జ్వరమొచ్చి "జబ్బు పడ్డ ఆడపిల్లలా" తాగడానికేమైనా ఇవ్వమని ఏడ్చాడని. ఆడ సీజర్ గురించి ఆ మాట అంటే విషం ఇంకా చిక్కబడింది. తర్వాతి సీన్‌లోనే కాసియస్ ఇంకోటి అంటాడు: మన తండ్రుల బుద్ధులు చచ్చిపోయాయి, తల్లుల గుండెలు మనల్ని ఏలుతున్నాయి అని. అదీ సూటిగా తగిలింది.

కానీ ఒక్కసారి పూర్తిగా చదివేసరికి నాటకం వేరే అయిపోయింది. ఆడమనిషి పెత్తనం సహించలేక మగవాళ్లంతా కలిసి చంపేశారు, అంతే కథ. అదీ వేయదగ్గ నాటకమే. కానీ అప్పుడు బ్రూటస్ బాధ అబద్ధమైపోతుంది. 'సీజర్ మీద నాకు ప్రేమ లేకపోవడం కాదు, రోమ్ మీద ఇంకా ఎక్కువ' అనే మనిషి, మంచి ఉద్దేశంతో ఘోరం చేసే మనిషి కనిపించకుండా పోతాడు. నేను ఈ నాటకం ఎంచుకున్నదే 13 ఏళ్ల పిల్లలు ఆ మనిషిని దగ్గరగా చూడాలని. అందుకే వదిలేశాను. పెద్ద పిల్లలతో అయితే ఇంకోలా తేల్చేదాన్నేమో.

ఈ రెండు దెబ్బల తర్వాత ఒక ప్రశ్న మిగిలింది, దాన్ని బోర్డు మీద రాసిపెట్టాం: 'ఈ పాత్రని ఆడ నుంచి మగకో, మగ నుంచి ఆడకో మారిస్తే ఏ వాక్యం చచ్చిపోతుంది?' ఏదీ చావకపోతే పాత్రని మార్చేయొచ్చు. చస్తే పాత్రని అలాగే ఉంచి, వేసే మనిషిని మాత్రం మార్చాలి. పాత్ర మారడం వేరు, పాత్రధారి మారడం వేరు. మొదటి రెండు వారాలు నేను ఈ రెండింటినీ కలిపేశాను, గందరగోళమంతా అందులోంచే వచ్చింది.

ఆ ప్రశ్నతో పాత్రలన్నీ జల్లెడ పట్టాం. మార్చి 15న జాగ్రత్త అని సీజర్‌ని హెచ్చరించే జోస్యుడు జోస్యురాలైనా నష్టం లేదు. కుట్ర సంగతి రాసిన ఉత్తరం పట్టుకుని సీజర్ దారిలో నిలబడే ఆర్టెమిడోరస్ కూడా అంతే. ఒక కుట్రదారుడితో పేరు కలిసినందుకు జనం చేతిలో చచ్చే కవి సిన్నానీ కవయిత్రిని చేశాం. ఆ చావు ఇంకా భయం పుట్టించింది. కుట్రదారుల్లో ఒకరిని ఆడమనిషిని చేద్దామని నేను సరదాపడ్డాను. పోర్షియా వేసే అబ్బాయే పట్టుకున్నాడు: "కుట్రలో ఆడావిడ ఉంటే, ఆడదాన్నని నాకు చెప్పకపోవడం ఎలా కుదురుతుంది టీచర్?" కుదరదు. ఎక్కడో మూల ఉన్న చిన్న పాత్రని కదిపితే పోర్షియా సీన్ కూలుతుంది. కుట్రదారులంతా మగ పాత్రలుగానే ఉండిపోయారు.

చివరికి తేలింది ఇది. సీజర్, బ్రూటస్, కాసియస్, ఆంటొనీ, సీజర్ వారసుడు ఆక్టేవియస్ మగ పాత్రలే, వేసేది అమ్మాయిలు. పోర్షియా, కల్పూర్నియా ఆడ పాత్రలే, వేసేది అబ్బాయిలు. చుట్టూ ఉన్న చిన్న పాత్రల్లో కొన్ని పూర్తిగా మారాయి. కుట్రదారుల్లో ఇద్దరు అబ్బాయిలు.

ఈ పద్ధతికి నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఈ నాటకం 1599లో మొదటిసారి ఆడినప్పుడు పోర్షియాని వేసింది ఒక అబ్బాయే. ఇంగ్లండ్‌లో వృత్తి నాటకరంగం మీద ఆడవాళ్లు అడుగుపెట్టింది 1660లో. జపాన్‌లో టకరజుకా అని అందరూ ఆడవాళ్లే ఉండే నాటక బృందం 1914 నుంచి ప్రదర్శనలిస్తోంది, మగ వేషాలు వేసే నటీమణులకు అక్కడ ప్రత్యేకమైన శిక్షణ ఉంది. 2012లో లండన్‌లోని డాన్‌మార్ థియేటర్‌లో దర్శకురాలు ఫిలిడా లాయిడ్ ఈ 'జూలియస్ సీజర్'నే పూర్తిగా ఆడవాళ్లతో, ఆడ ఖైదీలు జైల్లో వేసుకుంటున్న నాటకంగా నడిపించారు. బ్రూటస్ వేసింది నటి హారియెట్ వాల్టర్. మనకైతే ఇంకా వెనక్కి వెళ్లొచ్చు. నాట్యశాస్త్రం పాత్రధారణను మూడు రకాలుగా చెబుతుంది. తనకు తగిన పాత్ర తను వేస్తే అనురూప, బాలుడు వృద్ధుడి వేషమో వృద్ధుడు బాలుడి వేషమో వేస్తే విరూప, మగవాడు ఆడపాత్రనీ ఆడమనిషి మగపాత్రనీ వేస్తే రూపానుసారిణి. మేం చేస్తున్నదానికి పేరు కూడా ముందే ఉంది.

గొంతు పోయిన వారం

మూడో వారంలో నేను చేసిన తప్పు ఇది. బ్రూటస్ వేసే అమ్మాయిది మెత్తటి గొంతు. "గొంతు బరువుగా పెట్టు, కాళ్లు ఎడంగా వేసి నడువు" అన్నాను. మిగతావాళ్లకీ అదే చెప్పాను. వారం తిరిగేసరికి రిహార్సల్ గదిలో అయిదుగురు అమ్మాయిలు భుజాలు విరుచుకుని, గడ్డాలు పైకెత్తి, గరగర గొంతుతో ఒకేలా మాట్లాడుతున్నారు. ఎవరు బ్రూటసో ఎవరు కాసియసో తెలియలేదు. బ్రూటస్‌కి గొంతు బొంగురుపోయింది. ఎదిగే వయసు పిల్లల గొంతుని అలా నొక్కించడం ప్రమాదమని నాకు తెలుసు, అయినా చేయించాను. రెండు రోజులు ఆమెకు మాటలు మానిపించి, నడక మాత్రమే చేయించాను.

ఆ రెండు రోజులే దారి చూపించాయి. మాటల్లేకుండా చూస్తే నా తప్పు తెలిసిపోయింది. నేను 'మగతనం' అడిగాను, వాళ్లు ఎక్కడో చూసిన మగతనాన్ని అనుకరించారు. అడగాల్సింది అది కాదు. ఈ మనిషికి ఈ గదిలో ఎంత చోటుంది? ఇతను మాట్లాడుతుంటే ఎవరు కదలకూడదు? ఇతనికి ఎదుటివాళ్ల నుంచి ఏం కావాలి?

ఒక కుర్చీ పెట్టాం. గదిలో ఎవరు వచ్చినా ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో మాట లేకుండా తేలాలి. సీజర్ వేసే అమ్మాయి వచ్చి కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, దాని మీద చేయి వేసి, అందరినీ నిలబెట్టేసింది. గొంతు పెంచలేదు, భుజం విరవలేదు. గది ఆమెదైపోయింది. బ్రూటస్‌తో ఒక్కటే చెప్పాను: "తొందరపడకు. నువ్వు వాక్యం పూర్తి చేసేదాకా ఎవరూ కదలరు." ఆ పిల్లకి ఇంట్లోనూ క్లాసులోనూ వాక్యం పూర్తి చేసే అలవాటు లేదు, మధ్యలో ఎవరో అందుకుంటారు. అందుకే గబగబా చెప్పి ముగించేది. నాలుగు రోజుల్లో మాట నెమ్మదించింది. గొంతు తన సొంత గొంతే. సీజర్‌ని చంపాక జనం ముందు నిలబడి "నా కారణం వినండి, వినడానికి నిశ్శబ్దంగా ఉండండి" అనే చోట ఆమె నిజంగానే ఆగేది. గుంపు వేసే పిల్లలు నిజంగానే ఊరుకునేవారు.

ఆహార్యంలోనూ ఇదే తేడా తేలింది. మొదటి డ్రెస్ ట్రయల్‌లో మీసాలు అంటించాం. మాట్లాడుతుంటే ఒకటి ఊడింది, ఇంకొకరికి దద్దురు వచ్చింది. అంతకన్నా పెద్ద నష్టం, అందరి కళ్లూ మీసం మీదే ఉన్నాయి. తీసేశాం. విగ్గులు, లిప్‌స్టిక్, ప్యాడింగ్ కూడా వద్దనుకున్నాం. అందరికీ ఒకే తెల్లబట్ట. మగపాత్రలకి, రోమన్ మగవాళ్లు ఒంటికి చుట్టుకునే టోగాలా, ఎడమ భుజం మీదుగా. రోమన్ ఆడవాళ్లు టోగా కట్టరు కాబట్టి పోర్షియాకీ కల్పూర్నియాకీ నడుం దగ్గర కట్టి నేలదాకా. టోగా జారకుండా ఎడమ చేయి ఎప్పుడూ దాన్ని పట్టుకునే ఉండాలి. ఆ చేయి అలా ఉంటే పరిగెత్తలేం, చేతులు ఊపలేం, నడక దానంతటదే నిదానిస్తుంది. నేను వారం రోజులు నోటితో చెప్పి రప్పించలేనిది బట్ట అరగంటలో రప్పించింది. మీరు ఇలాంటిది చేస్తుంటే రిహార్సల్ బట్ట మొదటి వారం నుంచే ఇవ్వండి.

పోర్షియా

అబ్బాయిలతో పని వేరు. అమ్మాయికి మగపాత్ర ఇస్తే ఇంట్లో సంబరపడతారు. అబ్బాయికి ఆడపాత్ర ఇస్తే ఇల్లంతా ఆలోచనలో పడుతుంది. ఈ తేడా ఉందని ఒప్పుకోకుండా ఈ పనికి దిగకూడదు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే, దాన్ని ఒక్కసారి కూడా సడలించలేదు: తారుమారు పాత్ర ఎవరికీ నలుగురిలో ఇవ్వను, విడిగా అడుగుతాను, వద్దంటే కారణం అడగను. కల్పూర్నియాకి నా మనసులో మొదట ఒక అబ్బాయి ఉన్నాడు, చక్కటి మాట, మంచి జ్ఞాపకశక్తి. వాణ్ణి ఇప్పటికే కొందరు 'ఆడంగి' అని ఏడిపిస్తున్నారని నాకు తెలుసు. విడిగా అడిగాను. తల అడ్డంగా ఊపి, "నాకు కత్తి ఉన్న పాత్ర ఇవ్వండి టీచర్" అన్నాడు. కాస్కా ఇచ్చాను, సీజర్‌ని మొదట పొడిచేది అతనే. నేను అందరి ముందు 'కల్పూర్నియా నువ్వే' అని ఉంటే వాడు కాదనలేక ఒప్పుకునేవాడు, ఏడాదంతా దాని ఫలితం అనుభవించేవాడు. ఏ పాత్ర వేశాడన్నదాన్ని బట్టి పిల్లవాడు ఎలాంటివాడో ఎవరూ తేల్చకూడదని క్లాసులో విడిగా మాట్లాడాను. అయినా మాటతోనే అంతా ఆగిపోతుందని నేను నమ్మను. అందుకే అడగడం ముఖ్యం.

పోర్షియా వేసిన అబ్బాయికి 12 ఏళ్లు. తనే అడిగి తీసుకున్నాడు. అయినా మొదటి రిహార్సల్‌లో ఎవరో కిసుక్కుమన్నారు. వాడు వెంటనే గొంతు సన్నం చేసి, నడుం తిప్పి, చేయి తిప్పి మాట్లాడడం మొదలుపెట్టాడు. గది ఘొల్లుమంది. వాడూ నవ్వాడు. నాకు అర్థమైంది, వాళ్లు తనను చూసి నవ్వకముందే తనే నవ్విస్తున్నాడు. అది వాడి కవచం. కవచాన్ని లాగేస్తే పిల్లవాడికి దెబ్బ తగులుతుంది, కాబట్టి తిట్టలేదు.

ఆ సాయంత్రం విడిగా కూర్చున్నాం. స్థానం నరసింహారావు గారి గురించి చెప్పాను. జీవితమంతా స్త్రీ పాత్రలు వేసిన నటుడు, ఆయన సత్యభామ కోసం జనం ఎగబడేవారని, 1956లో పద్మశ్రీ ఇచ్చారని. ఆడపాత్ర వేసే మగవాణ్ణి చూసి నవ్వాలన్న రూల్ ఎప్పుడూ లేదని వాడికి తెలియడం ముఖ్యం అనిపించింది. వాడు విన్నాడు, అంతగా కదిలినట్టు లేడు. వాణ్ణి కదిలించింది వేరే. స్క్రిప్ట్ తెరిచి, "గాయం ఎక్కడుంది?" అన్నాను. తొడ మీద అన్నాడు. "నిన్న చేసుకుందా, మొన్నా?" ఆలోచించాడు. "నిన్నే. అంటే ఇంకా నొప్పుంది." లేచి నడిచి చూశాడు. కుడికాలు కొంచెం ఆలస్యంగా పడుతోంది. నొప్పి కనపడనివ్వకూడదు, ఎందుకంటే గాయం సంగతి ఆమె చివర్లో చెబుతుంది. ఆ నడకలో నడుం తిప్పడానికి చోటు లేదు. మర్నాడు నుంచి సన్నగొంతు రాలేదు. తన గొంతుతోనే "నేను ఆడదాన్నే, ఒప్పుకుంటాను" అన్నాడు, ఎవరూ నవ్వలేదు.

ఒక రోజు అడిగాడు: "గాయం చూపించాక కూడా బ్రూటస్ వెంటనే చెప్పడేంటి టీచర్?" తలుపు కొట్టిన చప్పుడవుతుంది, నువ్వు లోపలికి వెళ్లు, తర్వాత చెబుతాను అంటాడు. వాడికి అది నచ్చలేదు. నచ్చకపోవడాన్ని అలాగే ఉంచుకోమన్నాను. వాడు లోపలికి వెళ్తూ ఒక్క క్షణం వెనక్కి చూసేవాడు. నేను చెప్పిన బ్లాకింగ్ (స్టేజీ మీద ఎవరు ఎక్కడ ఎలా కదలాలన్నది) కాదది.

భార్యాభర్తల సీన్ కాబట్టి తాకడం గురించి మొదట్లోనే తేల్చేశాం. కౌగిలింతలు లేవు. చేయి పట్టుకోవడం ఒక్కటే, అదీ ఇద్దరినీ అడిగాక. బ్రూటస్ అమ్మాయి, పోర్షియా అబ్బాయి ఇద్దరి ఇళ్లకీ ముందే చెప్పాం. పోర్షియా వాళ్ల నాన్న ఒకసారి వచ్చి, "మావాడికి మగవేషం ఏదైనా ఉంటే చూడండి టీచర్ గారూ" అన్నారు. వాదించలేదు. ఒక రిహార్సల్ చూడమని కూర్చోబెట్టాను. చూసి, ఏమీ అనకుండా వెళ్లారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆయన మనసు మారిందని నేను రాసుకోలేను, అభ్యంతరం ఆగిందంతే.

ఇంకో పని చేశాం, దాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. ప్రదర్శనకు ముందు వారం రోజులు నవ్వు రిహార్సల్ చేశాం. పోర్షియా, కల్పూర్నియా ఎంట్రీకి గుంపులోని పిల్లలంతా కావాలని పగలబడి నవ్వాలి, ఈల వేయాలి. పాత్రధారి ఏమీ చేయకూడదు. ఊపిరి తీసుకుని, ఎదుటి పాత్ర కళ్లలోకి చూస్తూ నవ్వు అయిపోయేదాకా నిలబడాలి. మొదటి రోజు ఇద్దరూ మూడు సెకన్లలో నవ్వేశారు. నాలుగో రోజుకి నవ్వేవాళ్లే అలిసిపోయారు.

రెండు ప్రదర్శనలు

మొదటిది బడి పిల్లలకి. పోర్షియా రాగానే అనుకున్నట్టే హాలు గొల్లుమంది, వెనక వరుసల్లోంచి ఈలలు. స్టేజీ పక్కన వింగ్స్‌లో నా చేతులు చల్లబడ్డాయి. వాడు కదల్లేదు. బ్రూటస్ కూడా కదల్లేదు, పోర్షియానే చూస్తూ నిలబడింది. నవ్వు తగ్గింది, మళ్లీ చిన్నగా లేచింది, పూర్తిగా ఆగింది. అప్పుడు వాడు మొదటి మాట అన్నాడు. గాయం దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తల్లిదండ్రుల ప్రదర్శనలో నవ్వే రాలేదు. నిజం చెప్పాలంటే మొదటి ప్రదర్శనే గట్టిగా ఉంది, ఆ నవ్వుని దాటి రావడం వల్ల.

ఆంటొనీ శవం దగ్గర చేసే ప్రసంగం మేం అనుకున్నదానికంటే బాగా పండింది. అక్కడా ఆ గౌరవ బహువచనమే పనిచేసింది. "బ్రూటస్ గారు గౌరవనీయులు" అని తిప్పి తిప్పి అంటుంది. మొదటిసారి 'గారు' నిజం, మూడోసారికి నమ్మకం సడలుతుంది, చివరికి అదే 'గారు' తిట్టు అవుతుంది. ఆ అమ్మాయి ఆ ఒక్క మాట మీద ఎంత పనిచేసిందో నాకు తెలుసు.

కుదరనివీ ఉన్నాయి. కల్పూర్నియా సీన్ పేలవంగా పోయింది. నా సమయమంతా పోర్షియాకి పెట్టాను, ఆ అబ్బాయికి కావాల్సింది ఇవ్వలేదు, తప్పు నాదే. నాలుగో అంకంలో బ్రూటస్ కాసియస్ గొడవపడే సీన్‌లో ఇద్దరూ మళ్లీ గొంతులు నొక్కి అరిచారు. భయం వేసినప్పుడు పాత అలవాటు తిరిగొస్తుంది. గుంపులో ఉన్న కొందరు అబ్బాయిలు "మాకు ఏమీ లేదు టీచర్" అని మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. వాళ్ల మాట నిజమే. 22 మంది అమ్మాయిల లెక్క సరిచేయబోయి అయిదుగురు అబ్బాయిలని గుంపులో వదిలాను. వచ్చేసారి జనం పాత్రలకి పేర్లు, పనులు, మాటలు ముందే రాస్తాను. మొదటి సీన్‌లో చెప్పులు కుట్టేవాడికి ఎంత సరదా మాటలున్నాయో, వాటిని అనవసరంగా కోసేశాను.

చివరి మాట గురించి చెప్పాలి. బ్రూటస్ చనిపోయాక ఆంటొనీ అతని శవం ముందు నిలబడి, ప్రకృతే లేచి లోకానికంతటికీ చాటొచ్చు, 'ఇతనే మగవాడు' అని అంటాడు. ఇంగ్లిష్‌లో ఆ మాటకి మగవాడనీ మనిషనీ రెండు అర్థాలూ ఉన్నాయి. నా మొదటి స్క్రిప్ట్‌లో 'మగాడంటే ఇతనే' అని రాసుకున్నాను, అది వీరంగా వినిపిస్తుందని. చివరి వారంలో ఆంటొనీ వేసే అమ్మాయి స్క్రిప్ట్ పట్టుకుని వచ్చింది. "టీచర్, ఇక్కడ 'మనిషి' అనొచ్చా? మనిషి అంటే ఎవరైనా అవుతారు కదా."

ప్రదర్శన రోజు నేలమీద పడుకున్న బ్రూటస్ కళ్లు మూసుకుని ఉంది, ఎడమ చేయి ఇంకా బట్టని పట్టుకునే ఉంది. ఆంటొనీ వంగి, ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, బట్ట కప్పి, లేచి, హాలు వైపు తిరిగి అంది: "మనిషంటే ఇదీ." లైట్లు తీసేశాం.